రోవెరె కొండ మీద కుళాయి విచారణ

మా బోర్గెత్తో సైకిల్ సంఘానికి ఈ వసంతంతో ముప్ఫై ఒక్క ఏళ్ళు నిండాయి. ఇన్నేళ్ళలో సభ్యుల సైకిళ్ళకు గానీ, వాళ్ళ ఇళ్ళకు గానీ వచ్చిన ఏ ఒక్క సమస్యా సంఘం సలహా అందక మిగిలిపోలేదని కార్యదర్శి హోదాలో సగర్వంగా మనవి చేస్తున్నాను. సలహా అందాక ఆ సమస్య ఏమైందన్నది సంఘం పరిధిలోకి రాదు.

సభ్యులం పద్నాలుగు మందిమి. అందరం అరవైకి అటో ఇటో ఉన్నవాళ్ళం. ప్రతి ఆదివారం పొద్దున్నే ఏడు గంటలకు చర్చి ముందు పోగవుతాం. ఒంటికి అంటుకుపోయే లాగులు, పసుపూ ఎరుపూ చారల బనియన్లు వేసుకుంటాం. ఆ బట్టలు కుట్టినవాడికి మా పొట్టల మీద ఏ మాత్రం జాలి లేదు. అయినా ఊరు మమ్మల్ని గౌరవిస్తుంది. కనీసం మేము మలుపు తిరిగేదాకా నవ్వు ఆపుకుంటుంది.

బయటివాళ్ళు మేము ఒంటికి మంచిదని సైకిల్ తొక్కుతున్నామనుకుంటారు. అసలు పని వేరే ఉంది. ఊరి నుంచి రోవెరె కొండ మొదలు దాకా పదహారు కిలోమీటర్ల చదును రోడ్డు. ఆ దారిలో ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నా సంఘానికి విన్నవించుకోవచ్చు. గేరు మారకపోవడం దగ్గర్నుంచి కోడలు మాట్లాడకపోవడం దాకా ఏదైనా సరే. తర్వాత ఆరు కిలోమీటర్ల ఎక్కుడు. అక్కడ చర్చ జరుగుతుంది. కొండ మీద ఆర్జియా అనే ఆవిడ కాఫీ కొట్టు ఉంది. కొట్టు ముందున్న బెంచీ దగ్గరికి ఎవరు మొదట చేరితే వాళ్ళు తీర్పు చెబుతారు. అది మా ఏడో నిబంధన. తీర్పు మీద అప్పీలు లేదు.

ఈ నిబంధన వెనక చాలా లోతైన ఆలోచన ఉంది. ఎక్కుడులో మాట్లాడాలంటే ఊపిరి కావాలి. ఊపిరి ఉన్నవాడు ముందుంటాడు. ముందున్నవాడు మాట్లాడతాడు. మాట్లాడుతున్నాడంటే తెలిసే ఉంటుంది. ఇంత సూటిగా నడిచే తర్కం పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల్లో కూడా ఉంటుందని నేననుకోను.

గత పదకొండేళ్ళుగా బెంచీ దగ్గరికి మొదట చేరుతున్నవారు లియార్కో గారు. వయసు అరవై ఆరు, బరువు యాభై ఎనిమిది కిలోలు. మున్సిపాలిటీలో జనన మరణాల రిజిస్టరు రాసి రిటైరయ్యారు. ఇంట్లో ఆయన స్క్రూడ్రైవరు ముట్టుకోవడానికి భార్య అనుమతి లేదు. అందుకని ఆయన విజ్ఞానమంతా చెక్కుచెదరకుండా మా కోసమే మిగిలి ఉంది. కోశాధికారికి నడుంనొప్పి వస్తే సైకిల్ సీటు నాలుగు మిల్లీమీటర్లు పైకెత్తమన్నారు. ఎత్తాడు. నొప్పి మోకాళ్ళలోకి దిగింది. నడుంనొప్పి పూర్తిగా నయమైందని మినిట్స్ పుస్తకంలో రాశాను.

మా సంఘంలోనే నుల్లో అని ఒకడున్నాడు. నలభై ఏళ్ళుగా ప్లంబరు పని చేస్తున్నాడు. ఊళ్ళో సగం ఇళ్ళలో నీళ్ళ పైపు గోడలో ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. బరువు నూట పన్నెండు కిలోలు. అతను కొండ మీదికి చేరేసరికి మేము తాగిన కప్పులు ఆర్జియా కడిగి బోర్లించేసి ఉంటుంది. చేరాక నోట మాట రావడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. తొమ్మిదో నిమిషంలో మేము దిగుడుకు బయల్దేరతాం. దిగుడులో గాలి హోరుకు ఎవరి మాటా ఎవరికీ వినపడదు. చదును రోడ్డు మీదికి వచ్చేసరికి తీర్పు నమోదైపోయి ఉంటుంది. ఆ విధంగా ముప్ఫై ఒక్క ఏళ్ళలో సంఘం ముందుకు వచ్చిన పైపుల కేసులు యాభై పైచిలుకు. ఒక్కదాంట్లోనూ ప్లంబరు మాట వినే అవకాశం మాకు కలగలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. అతనికి మాట్లాడే హక్కు సంపూర్ణంగా ఉంది. ఊపిరే లేదు.

ఇక కేసులోకి వస్తాను.

మే నెల ఆఖరి ఆదివారం నాడు అదెల్మో రెండు విన్నపాలు చేశాడు. అదెల్మో బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు, మెత్తటి మనిషి. మొదటి విన్నపం: ఎక్కుడులో పెడలు తొక్కినప్పుడల్లా సైకిల్ కిర్రుమంటోంది. రెండోది: ఇంట్లో వంటింటి కుళాయి ఎంత బిగించినా కారుతోంది.

“ఇవోన్ నాకు గడువు పెట్టింది” అన్నాడు అదెల్మో. ఇవోన్ అతని భార్య. “సాన్ జొవాన్ని పండుగ ముందురోజు సాయంత్రానికి కుళాయి బాగవ్వాలంట. లేకపోతే ఈ వేసవంతా రిమినీలో చెల్లెలి దగ్గరే ఉంటుందంట. నేను ఏం తింటానే అంటే, సైకిల్ చైను తినమంది.”

పండుగ ముందురోజు సాయంత్రం పెరట్లో బల్లలు వేసుకుని తొర్తెల్లి తినడం మా వైపు ఆచారం. పిండిని పల్చగా ఒత్తి, లోపల ఆకుకూరా రికోత్తా జున్నూ కలిపిన పూర్ణం పెట్టి, ఉడకబెట్టి, వెన్నలో ముంచి వడ్డిస్తారు. తింటూ ఉండగా రాత్రి కురిసే మంచు బిందువులు నెత్తి మీద పడాలి. పడితే ఏడాదంతా మంచిది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ సాయంత్రం మా వీధి వీధంతా తినేది ఇవోన్ చేతి తొర్తెల్లి. ఈ ఏడు పదహారు మందిని పిలిచింది. ఆకుకూర కడగాలి, కుండెడు నీళ్ళు మరగబెట్టాలి. కుళాయి లేకుండా అయ్యే పని కాదు.

“నుల్లోని పిలిస్తే పోయేదానికి, పద్నాలుగు మంది కొండెక్కడం ఏంటి?” అని కూడా ఇవోన్ అడిగిందట.

“సంఘాన్ని అడక్కుండానా?” అని అదెల్మో నిర్ఘాంతపోయాడట. అలాంటి సభ్యుడు దొరకడం మా అదృష్టం.

ఆ రోజు బెంచీ మీద కూర్చుని, హెల్మెట్ తీసి, మూడు నిమిషాలు కొండల వైపు చూసి, లియార్కో గారు తీర్పు ప్రారంభించారు.

“మిత్రులారా! నీరు అంటే ఏమిటి? ఒత్తిడి. టైరులో గాలి అంటే ఏమిటి? అదీ ఒత్తిడే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒత్తిడితో వ్యవహరిస్తున్న మనకు ఒక కుళాయి లెక్కా? పాత ట్యూబు కోసి, కుళాయి మెడకు తొమ్మిది చుట్లు గట్టిగా బిగించి కట్టు. ఇక కిర్రు శబ్దం. అది పొడితనం. సీటు రాడ్డుకు వంటింట్లోని పంది కొవ్వు దట్టంగా పట్టించు.”

ఇది మా సంఘం ప్రత్యేకత. ఇంటి రోగానికి సైకిల్ సామాను, సైకిల్ రోగానికి వంటింటి సామాను. రెండు చోట్లా ఏమీ వృథా కాదు. మేము చప్పట్లు కొట్టాం. అప్పుడే నుల్లో వచ్చి, సైకిల్‌ను గోడకు ఆనించి, చెయ్యెత్తి ఏదో చెప్పబోయాడు. నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది. అతను కూడా అభినందిస్తున్నాడని నమోదు చేసుకున్నాను.

తీర్పు అక్షరాలా అమలైంది. కుళాయి కారడం ఆగింది. బుధవారం నాటికి దాని వెనక గోడ కారడం మొదలైంది. మరుసటి ఆదివారం ఈ సంగతి విన్న లియార్కో గారి ముఖం వెలిగిపోయింది. “కారుడు స్థానం మార్చుకుంది. అంటే మనకు భయపడుతోంది” అన్నారు. గోడ మీద సైకిల్ గ్రీజు అర అంగుళం మందాన మెత్తమన్నారు.

ఆ ఆదివారమే సైకిల్ వైద్యం కూడా ఫలించింది. పంది కొవ్వు వాసనకు పొలాల దగ్గర నాలుగు కుక్కలు అదెల్మో వెంట పడ్డాయి. సంఘం సగటు వేగం గంటకు మూడు కిలోమీటర్లు పెరిగింది. ఇంతకాలం వ్యాయామంతో, ఆహార నియమంతో సాధించలేనిది ఒక్క గరిటెడు కొవ్వుతో సాధించామని లియార్కో గారు ప్రకటించారు. కిర్రు మాత్రం అలాగే ఉంది. అందరికన్నా వెనక వస్తున్న నుల్లోకి ఒక మేజోడు నష్టమైంది.

వారం తిరిగేసరికి గ్రీజు మెత్తిన గోడ ఉబ్బింది. సింకు కింద నేల మీద రెండు పలకలు లేచాయి. గోడలోంచి నీళ్ళు దిగుతుంటే ఇవోన్ మెయిన్ వాల్వు మూసేసి, వీధి చివర కుళాయి నుంచి మోసుకోవడం మొదలుపెట్టింది. పరిస్థితి ఇంత ఆశాజనకంగా ఉన్నందున, జూన్ రెండో ఆదివారం కొండ దిగాక సంఘం స్వయంగా తనిఖీకి వెళ్ళాలని తీర్మానించింది.

ఎనిమిది మందిమి వెళ్ళాం. మా బూట్ల అడుగున పెడలుకు తగులుకునే ఇనప బిళ్ళలు ఉంటాయి. వాటితో తడి పలకల మీద నడవడం కొంచెం కష్టం. కోశాధికారి పొయ్యి పట్టుకుని ఆగాడు. ఉపాధ్యక్షుడు బీరువా తలుపు పట్టుకుని ఆగాడు, తలుపు ఆగలేదు. లియార్కో గారు సింకు ముందు నిలబడి, కాలర్ సర్దుకుని, మాట్లాడారు.

“అమ్మా ఇవోన్! మీ వంటిల్లు ఈ రోజు ఒక వంటిల్లు కాదు. సమష్టి విజ్ఞానానికి పరీక్షా కేంద్రం. మీరు కాస్త ఓపిక పట్టాలి.”

ఇవోన్ రెండు చేతుల్లో రెండు బకెట్లతో గుమ్మంలో నిలబడి ఉంది.

“ఓపికే పట్టుకున్నానండీ లియార్కో గారూ, చేతులు ఖాళీ లేవు. కాస్త తప్పుకుంటే దించుతాను.”

“ఇవోన్, మర్యాద!” అని అదెల్మో గొణిగాడు.

“మర్యాదే! మర్యాద కాబట్టే ఈ బకెట్లు ఇంకా నిండుగా ఉన్నాయి. ఇంకో పదకొండు రోజులు. నా పెరట్లో పదహారు మంది కూర్చుంటారు. నీళ్ళు రాకపోతే రిమినీ బండి ఎన్నింటికో కూడా చూసి పెట్టుకున్నాను, గుర్తుంచుకో.”

ఆ మాటంటూ ఆవిడ పెరటి వైపు చూసింది. ఆ పండుగ ఆవిడకు ఎంత ముఖ్యమో మా అందరికీ అర్థమైంది. అందుకే పలకలు అతికించడానికి ట్యూబు పంక్చర్ల జిగురు వాడాలా, సాధారణ జిగురు వాడాలా అనే విషయం మీద అరగంట అదనంగా చర్చించాం.

మేము బయటికి వచ్చేసరికి ఇవోన్ అదెల్మో సైకిల్ పక్కన వంగి ఉంది. కూరగాయల కత్తి మొనతో, నీళ్ళ సీసా పెట్టుకునే కమ్మీ మరను రెండు చుట్లు బిగించింది. పెడలు మీద చెయ్యి వేసి తిప్పి చూసింది. కిర్రు ఆగిపోయింది. మహిళలు సంఘంలో సభ్యులు కారు గనుక ఈ సంఘటన నమోదుకు నోచుకోలేదు.

తర్వాత జరిగిన కుట్ర నాకు ఆలస్యంగా తెలిసింది. మూడో ఆదివారానికి ముందు శనివారం మధ్యాహ్నం ఇవోన్ నుల్లో ఇంటికి వెళ్ళింది. వచ్చి కుళాయి చూడమని నేరుగా అడిగింది.

“ఎలా వస్తాను చెల్లెమ్మా? కొండ మీద తీర్పు అయిపోయింది కదా. నేను పానా పట్టుకుని వచ్చానంటే లియార్కో మీద అవిశ్వాసం పెట్టినట్టే. అదెల్మో ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు?”

“మరి ఆ తీర్పు నువ్వే చెప్పరాదూ?”

“నేనా? నేను చేరేసరికి కొట్టు కట్టేస్తారమ్మా.”

“రేపు సైకిల్ తొక్కకు. నా కారులో ఎక్కు. సైకిల్ వెనక పడేద్దాం.”

నుల్లో గోడకు ఆనించిన తన సైకిల్ వైపు చూశాడట. తర్వాత మెల్లగా అన్నాడట: “ముప్ఫై ఒక్క ఏళ్ళు చెల్లెమ్మా. ఒక్క రోజు కూడా దిగి నడవలేదు. ఆఖరునే చేరాను. కానీ తొక్కుకుంటూ చేరాను. నా దగ్గర ఉన్నది ఆ ఒక్కటే.”

“నా గోడలో పైపు ఎవరు వేశారు అన్నయ్యా?”

“నేనే. ఇరవై ఆరేళ్ళయింది.”

“ఇరవై ఆరేళ్ళు చుక్క కారలేదు. ఇప్పుడు దాన్ని పీక పిసికి చంపుతున్నారు. నీకేం అనిపించదా?”

నుల్లో కళ్ళు తుడుచుకుని టోపీ పెట్టుకున్నాడట.

ఆదివారం పొద్దున లియార్కో గారు చివరి మలుపు తిరిగి, అలవాటు ప్రకారం బెంచీ వైపు చెయ్యి చాపబోయి, సైకిల్ మీదే బిగుసుకుపోయారు. బెంచీ మీద నుల్లో కూర్చుని ఉన్నాడు. పక్కన రెండు ఖాళీ కప్పులు. ఒంటి మీద చెమట లేదు. ఊపిరి మామూలుగా తీసుకుంటున్నాడు. ఇలాంటి దృశ్యం మాలో ఎవరూ ఎరగరు. కాస్త దూరంగా ఇవోన్ కారుకు ఆనుకుని నిలబడింది.

“ఇది అన్యాయం!” అన్నారు లియార్కో గారు. ఆయన గొంతులో కూడా మొదటిసారి ఆయాసం వినపడింది.

“కారులో రాకూడదని మీ రూల్లో ఉందా?” అంది ఇవోన్.

అందరూ నా వైపు చూశారు. జేబులోంచి నిబంధనల పుస్తకం తీశాను. ఏడో నిబంధన చదివాను. బెంచీ దగ్గరికి మొదట చేరినవారు అని ఉంది. ఎలా చేరాలో లేదు. సైకిల్ సంఘం నిబంధనల్లో సైకిల్ అనే మాట రాయడం ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఎవరికీ తోచలేదు. రూలు రూలే అని ఉపాధ్యక్షుడు నిట్టూర్చాడు. ఆ క్షణం నుంచి మినిట్స్‌లో అతను నుల్లో గారు అయ్యారు.

నుల్లో గారి తీర్పు చాలా నిరాశపరిచింది. “కుళాయిలో వాషరు అరిగింది. అంతే. మీరు ట్యూబుతో బిగించి లాగేసరికి గోడలో మోచేతి మలుపు దగ్గర మర వదులైంది. మెయిన్ కట్టేసి, నాలుగు పలకలు తీసి, మర బిగించి, వాషరు మార్చాలి. అరగంట పని.”

మేము ఇంకా ఏమైనా చెబుతారేమోనని ఎదురు చూశాం. నీరు అంటే ఏమిటో చెప్పలేదు. మిత్రులారా అనలేదు. ఇంత పొట్టి సలహా సంఘం చరిత్రలో లేదు. అయినా మొదట చేరినవారి మాట గనుక శిరసావహించాం. నలభై ఏళ్ళ ప్లంబరు అన్న సంగతి ఆ సమయంలో ఎవరూ ప్రస్తావించలేదు, అది అప్రస్తుతం గనుక.

నుల్లో గారికి పని ఇరవై ఐదు నిమిషాల్లో అయిపోయింది. నీళ్ళు వచ్చాయి. కుళాయి కట్టేస్తే ఆగాయి. ఇవోన్ దాన్ని ఐదారుసార్లు తిప్పి, కట్టి, మళ్ళీ తిప్పి, ఒట్టి చేతుల్ని దాని కింద పెట్టుకుని నవ్విందట. సంఘం సలహాతో మరో సమస్య విజయవంతంగా పరిష్కారమైందని రాశాను.

సోమవారం నుంచి నుల్లో గారి ఫోను ఖాళీగా లేదు. ఒకరు ద్రాక్ష తీగకు తెగులని అడిగారు, ఒకరు రక్తపోటుకు, ఒకరు మనవడిని ఏ చదువులో చేర్చాలని. మొదటి రోజు ఆయన “నాకేం తెలుసయ్యా, నేను పైపులవాణ్ణి” అని పెట్టేశారు. మంగళవారం “నాకు తెలిసినంతలో” అని మొదలుపెట్టారు. బుధవారం సాయంత్రం నేను నా చెవి హోరు గురించి ఫోను చేసినప్పుడు ఆయన నా ప్రశ్న పూర్తి కాకముందే సమాధానం చెప్పేశారు. కాస్త బరువు కూడా తగ్గినట్టున్నారు.

గురువారం సాయంత్రం సాన్ జొవాన్ని విందు. పెరట్లో మూడు బల్లలు కలిపి తెల్లటి దుప్పటి పరిచారు. లంబ్రుస్కో వైన్ సీసాలు చన్నీళ్ళ బకెట్లో పెట్టారు. ఇవోన్ తెల్లవారి ఐదింటికి లేచి పిండి ఒత్తడం మొదలుపెట్టింది. ఆరు వందల తొర్తెల్లి. ఒక్కొక్కటి వేలి కొసతో నొక్కి మూసినవే. పళ్ళెం తర్వాత పళ్ళెం వేడి వేడిగా వచ్చింది. పదహారు మందిమి తలెత్తకుండా తిన్నాం. కాసేపు ఫోర్కుల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

అప్పుడు నుల్లో గారు ఫోర్కు పక్కన పెట్టి, మూతి తుడుచుకుని, కుర్చీలో వెనక్కి వాలారు.

“చెల్లెమ్మా, పూర్ణం కాస్త నీరు వదిలింది” అన్నారు. “రికోత్తాలో తడి ఎక్కువైంది. బట్టలో మూట కట్టి, కింద గిన్నె పెట్టి వేలాడదీయాలి. నీటి సంగతి నేను చెప్పాలా?”

అందరూ తమ పళ్ళెంలోకి కొత్త దృష్టితో చూసుకున్నారు. ఉపాధ్యక్షుడు ఒక తొర్తెల్లిని ఫోర్కుతో చీల్చి లోపల పరిశీలించి, అవునన్నట్టు తల పంకించాడు. పాపం, లియార్కో గారు రెండో స్థానంలో ఉన్నందున, మూట కట్టడానికి సైకిల్ ట్యూబు బాగా పనికొస్తుందని మాత్రం మెల్లగా జోడించారు. నేను పుస్తకం తీసి, వెన్న చేతుల్తోనే, రెండు సలహాలూ రాసుకున్నాను.

ఇవోన్ ఆఖరి పళ్ళెం పట్టుకుని గుమ్మం మెట్టు మీద నిలబడి ఉంది. ఆవిడ నుల్లో గారి వైపు చూసింది. అదెల్మో వైపు చూసింది. అదెల్మో నోట్లో తొర్తెల్లి ఉంది. మింగి, ఆలోచించి, “అవును, కాస్త...” అన్నాడు. ఆవిడ పళ్ళెం బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున పెట్టె సర్దుకుని బయటికి వచ్చేసరికి అదెల్మో కంగారుపడ్డాడు.

“అదేంటి ఇవోన్! నీళ్ళు రాకపోతే కదా వెళ్తానన్నావు? వచ్చాయిగా!”

“వచ్చాయి” అంది ఇవోన్. “గిన్నెలు కడుక్కో.”

పదహారు మంది పళ్ళేలు, గ్లాసులు, మూడు కుండలు, పిండి బల్ల. బాగుపడిన ఆ కుళాయి కింద సింకు నిండి నేల దాకా పేర్చి ఉన్నాయి.

అదెల్మో ఆదివారం దాకా వాటిని ముట్టుకోలేదు. సంఘాన్ని అడక్కుండా ఎలా ముట్టుకుంటాడు?

జూన్ ఆఖరి ఆదివారం చర్చి ముందుకు నేను వెళ్ళేసరికి అదెల్మో ఒక్కడే ఉన్నాడు. మిగతావాళ్ళంతా అప్పటికే కొండ మీద ఉన్నారు. లియార్కో గారు తెల్లారి ఐదింటికే తమ్ముడి స్కూటరు మీద వెళ్ళారట. నుల్లో గారు పైపుల వ్యానులో నాలుగున్నరకే వెళ్ళారట. ఉపాధ్యక్షుడు అల్లుడి ట్రాక్టరు మీద. ఈ ఏడు మా సంఘం ఎంత ఉత్సాహంగా ఉందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. సైకిల్ తొక్కుకుంటూ బయల్దేరిన సభ్యులం మేమిద్దరమే.

ఎక్కుడులో అదెల్మో సైకిల్ చప్పుడు చేయలేదు. అతనే అప్పుడప్పుడూ ఏదో అన్నాడు. “ఇల్లు... బోసిగా ఉంది” అన్నాడు ఒక మలుపులో. ఇంకో మలుపులో, “ముప్ఫై నాలుగేళ్ళు... ఎప్పుడూ... ఇలా వెళ్ళలేదు” అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెమటేమోనని మొదట అనుకున్నాను.

మేము చేరేసరికి తీర్పు అయిపోయింది. అదెల్మో రెండు సమస్యలూ ఊరందరికీ తెలిసినవే గనుక అతను వచ్చి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. గిన్నెలకు సైకిల్ చైను కడిగే నూనె వాడాలి. భార్య విషయానికొస్తే, ముందు వంటింటి నేల పలకలు మొత్తం మార్చాలి. అది నుల్లో గారి తీర్పు. ఏ రంగు పలకలైతే స్త్రీలకు కోపం తగ్గుతుందో లియార్కో గారు అనుబంధంగా వివరిస్తున్నారు. అదెల్మో హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని, ఆయాసపడుతూనే, శ్రద్ధగా తలూపుతూ విన్నాడు.

పాఠక మహాశయులకు ఇప్పటికే ఒక సలహా తోచి ఉంటుంది. తొర్తెల్లి బాగున్నాయని ఆవిడతో ఒక్కరైనా ఒక్క మాట అని ఉండాల్సింది కదా అని. నాకూ తోచింది, ఆ రోజు ఎక్కుడులోనే. కానీ నేనప్పుడు పదమూడో స్థానంలో ఉన్నాను. పదమూడో స్థానం వాళ్ళకు సలహాలు తోచకూడదు. అదీ కాక, గురువారం నాడు నేను ముప్ఫై ఎనిమిది తిన్నాను.